ఆఫ్రికాలో పీహెచ్‌డీ అంటే భయమెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసింది. నెట్ పరీక్షలో లెక్చరర్‌షిప్ వచ్చింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొద్దిలో పోయింది. తనే మెయిల్ రాసి, ఇంటర్వ్యూ ఇస్తే దక్షిణాఫ్రికాలో డర్బన్‌లోని క్వాజులు-నటాల్ యూనివర్సిటీలో ఒక గైడు దగ్గర టీబీ మీద పీహెచ్‌డీకి ఆఫర్ వచ్చింది, స్టైపెండ్ కూడా ఇస్తారట. ఇక్కడ ఒక ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీలోనూ సీటు ఉంది. వాళ్లు ఏటా వేల రీసెర్చ్ పేపర్లు వేస్తారని, ర్యాంకు బాగుందని అంటున్నారు. ఆఫ్రికా యూనివర్సిటీలో రీసెర్చ్ ఏపాటి ఉంటుంది? ఆ డిగ్రీకి ఇండియాలో విలువ ఉంటుందా? ముక్కూ మొహం తెలియని దేశం, భద్రత గురించీ భయంగా ఉంది. రెండూ పోల్చి చెప్పగలరు. తిరిగొచ్చేసరికి ఇరవై ఎనిమిది దాటుతుంది, సంబంధాలు కష్టం. (ఒక తండ్రి, తెనాలి)

జవాబు: నమస్కారమండీ.

ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. దేశం పేరు మారుతుంది గానీ బెంగ అదే. పోలండ్ అయినా తైవాన్ అయినా డర్బన్ అయినా, "అక్కడ చదివిందంటే నలుగురూ ఏమనుకుంటారు" అన్నదే అసలు సంగతి. ఇదే ఆఫర్ ఆస్ట్రేలియాలోని ఓ మామూలు యూనివర్సిటీ నుంచి వచ్చి ఉంటే మీరు నాకు రాసేవారు కాదు, ఈపాటికి బ్యాంకు చుట్టూ తిరుగుతూ ఉండేవారు. కటువుగా ఉంటే మన్నించండి. ఎవరి సిఫార్సూ లేకుండా, వేరే ఖండంలో ఉన్న ల్యాబ్‌కి మెయిల్ రాసి, ఇంటర్వ్యూ ఇచ్చి, స్టైపెండ్‌తో సీటు తెచ్చుకున్న పిల్ల మీ ఇంట్లో ఉంది. మీ ఉత్తరంలో ఆ సంతోషం ఒక్క ముక్కైనా లేదు. ముందు ఆమెను కూర్చోబెట్టి, "ఏం పని చేస్తావమ్మా అక్కడ?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి.

ఇక ఆ యూనివర్సిటీ సంగతి. క్వాజులు-నటాల్ ఇప్పటి రూపంలో ఏర్పడింది 2004లో. నటాల్ యూనివర్సిటీ, డర్బన్-వెస్ట్‌విల్ యూనివర్సిటీ కలిసి ఒక్కటయ్యాయి. వీటిలో రెండోది జాతి వివక్ష పాలనలో భారతీయ సంతతి వాళ్ల కోసం విడిగా పెట్టిన కాలేజీ నుంచి వచ్చింది. 1961లో డర్బన్ రేవులోని సాలిస్‌బరీ ఐలాండ్‌లో మొదలైంది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో చెరకు తోటల పనికి వెళ్లిన కూలీల మనవలూ మునిమనవలూ చదువుకున్న చోటు అది. ఆ వలసల్లో మన తెలుగువాళ్లూ బాగానే ఉన్నారు. డర్బన్‌లో ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది. ఇప్పటి తరం ఇళ్లలో ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడుతుంది గానీ, నాయుడు, రెడ్డి ఇంటిపేర్లు అక్కడ ఎవరికీ కొత్త కాదు. "ముక్కూ మొహం తెలియని దేశం" అని రాశారు మీరు. అంత తెలియని దేశమేం కాదు.

"రీసెర్చ్ ఏపాటి" అన్నారు కదా, అందుకు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను. క్వాజులు-నటాల్ రాష్ట్రం హెచ్‌ఐవీ, టీబీ రెండింటి భారాన్నీ ఒకేసారి మోసిన ప్రాంతం. 2006లో అక్కడి టుగెలా ఫెర్రీ అనే పల్లెటూరి ఆసుపత్రి నుంచి వచ్చిన పేపర్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. దాదాపు ఏ మందుకూ లొంగని టీబీ 53 మందిలో బయటపడితే, వాళ్లలో 52 మంది చనిపోయారు. హెచ్‌ఐవీ పరీక్ష చేసిన 44 మందిలో అందరికీ హెచ్‌ఐవీ ఉంది.

అప్పట్లో డాక్టర్లను వేధించిన ప్రశ్న ఒకటుంది. రెండు జబ్బులూ ఉన్న మనిషికి హెచ్‌ఐవీ మందులు ఎప్పుడు మొదలుపెట్టాలి? టీబీ కోర్సు నడుస్తుండగానే ఇస్తే మందులు ఒకదానికొకటి పడకపోవచ్చు, మింగలేనన్ని మాత్రలవుతాయి. ఆగితే ఈలోపు మనిషి పోవచ్చు. డర్బన్‌లోని కాప్రిసా అనే పరిశోధన సంస్థ, ఇది ఈ యూనివర్సిటీతో కలిసి నడిచేదే, 642 మంది రోగులతో దీన్ని పరీక్షించింది. టీబీ చికిత్స నడుస్తుండగానే హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టిన వాళ్లలో మరణాలు 56 శాతం తక్కువ. ఫలితాలు 2010లో వచ్చాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోకీ వెళ్లాయి. మన దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్రా, తెలంగాణా ఉన్నాయి. రెండు జబ్బులూ ఉన్న రోగికి మన జిల్లా ఆసుపత్రిలో ఈరోజు టీబీ కోర్సు పూర్తయ్యేదాకా ఆగకుండా హెచ్‌ఐవీ మందు మొదలుపెడుతున్నారంటే, దాని వెనక డర్బన్ రోగులు ఇచ్చిన సాక్ష్యం ఉంది. పరిశోధనకు విలువ అంటే నా లెక్కలో ఇదీ. దీన్ని ఏ ర్యాంకు పట్టికా పూర్తిగా పట్టుకోలేదు.

అదే సంస్థ అదే ఏడాది టెనోఫొవిర్ అనే హెచ్‌ఐవీ మందుతో చేసిన జెల్ ఫలితాలు ప్రకటించింది. 889 మంది స్త్రీలతో చేసిన ఆ పరీక్షలో, జెల్ వాడిన వాళ్లలో హెచ్‌ఐవీ సోకడం 39 శాతం తగ్గింది. స్త్రీ తన చేతుల్లో ఉంచుకోగల రక్షణ ఒకటి సాధ్యమేనని చూపిన మొదటి ఫలితాల్లో అది ఒకటి. తర్వాత జరిగిన పెద్ద పరీక్షల్లో ఆ జెల్ నిలబడలేదు. ఇదీ చెప్పాలి. ఒక ఫలితం వస్తుంది, ఇంకొకరు దాన్ని మళ్లీ పరీక్షిస్తారు, కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. ఆ పద్ధతి నేర్పే చోట పిల్ల పడితే, డిగ్రీ మీద ఏ ఊరి పేరున్నా నాకు చింత లేదు.

కాప్రిసాను నడిపిన దంపతులు సలీమ్ అబ్దుల్ కరీమ్, కురైషా అబ్దుల్ కరీమ్. 2024లో ఇద్దరికీ వైద్య పరిశోధనలో పేరున్న లాస్కర్ అవార్డు వచ్చింది. కురైషా చదివింది ఇందాక చెప్పిన డర్బన్-వెస్ట్‌విల్ యూనివర్సిటీలోనే. ఇప్పుడు వర్ధమాన దేశాల సైన్స్ అకాడమీకి అధ్యక్షురాలు, ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ. మీ అమ్మాయికి ఈ పేరు తెలిసే ఉంటుంది. మీరూ తెలుసుకోండి.

ఇప్పుడు "వేల పేపర్లు" అన్న మాట దగ్గరికి వద్దాం. ఈ మధ్య ఇళ్లలో కొత్త మోజు చూస్తున్నాను. ఇంటర్ ర్యాంకులు అయిపోయాయి, ఇప్పుడు స్కోపస్ (పరిశోధన పత్రికల సూచీ) పేపర్లు, సైటేషన్లు (ఒక పేపర్‌ను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క), వాటి మీద కట్టే హెచ్-ఇండెక్స్. బీటెక్ రెండో ఏడాది పిల్లవాడికి "ప్రొఫైల్ కోసం" రెండు పేపర్లు ఉండాలట! వాట్సాప్ గ్రూపుల్లో "స్కోపస్ పేపర్ గ్యారంటీ" అని ప్రకటనలు వస్తున్నాయి. రచయితల వరసలో మొదటి పేరుకు ఒక రేటు, మూడో పేరుకు ఒక రేటు. తండ్రులు ఆ డబ్బు కడుతున్నారు. తెలిసి కడుతున్నారు. పిల్లలకు చదువులో మొదటి అడుగులోనే అబద్ధం నేర్పిస్తున్నామని ఒక్కరికీ తోచడం లేదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

కార్పొరేట్ కాలేజీ ఫ్లెక్సీలు మీరు చూసే ఉంటారు. రాష్ట్రంలోని బ్రాంచీలన్నిటి ర్యాంకులూ ఒకే ఫ్లెక్సీ మీద ఉంటాయి, మీ పిల్లవాడి సెక్షన్‌లో పాఠం ఎవరు చెబుతారో మాత్రం ఉండదు. యూనివర్సిటీ మొత్తం పేపర్ల సంఖ్య కూడా అలాంటిదే. ఏటా వేల పేపర్లు వేసే చోట మీ అమ్మాయి గైడు మూడేళ్లుగా చెప్పుకోదగ్గది ఒక్కటీ వేయకపోయి ఉండవచ్చు.

సైటేషన్ల సంగతి ఇంకా చిత్రం. ఘనాలోని కేప్ కోస్ట్ యూనివర్సిటీ 2022 టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకుల్లో, సైటేషన్ల విభాగంలో ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచింది. హార్వర్డ్, ఆక్స్‌ఫర్డ్ అన్నీ దాని తర్వాతే. అప్పటి లెక్క సగటు మీద నడిచేది. వందల మంది రచయితలు కలిసి రాసే అంతర్జాతీయ ఆరోగ్య పేపర్లు కొన్ని ఉంటాయి, వాటిని ప్రపంచమంతా వేలసార్లు ఉదహరిస్తుంది. మొత్తం పేపర్లు తక్కువ ఉన్న చోట అలాంటివి కొన్ని పడితే సగటు ఆకాశానికి వెళ్తుంది. వాళ్లు మోసం చేశారని నేననడం లేదు. ఆ పేపర్లలో వాళ్ల మనుషుల శ్రమ నిజంగానే ఉంది. కానీ ఆ అంకె చూసి అక్కడ ప్రతి ల్యాబ్ ప్రపంచ నంబర్ వన్ అనుకుంటే ఎంత పొరపాటో, ఆఫ్రికా కాబట్టి ఏమీ ఉండదనుకోవడమూ అంతే పొరపాటు. 2023లో విడుదలైన జాబితా నుంచి టైమ్స్ వాళ్లే ఆ లెక్క మార్చి, సగటుతో పాటు ఇంకొన్ని కొలతలు చేర్చారు.

దక్షిణాఫ్రికాలో ఏ మచ్చా లేదని కూడా నేను చెప్పను. అక్కడ ప్రభుత్వం పరిశోధన ఫలితాలను యూనిట్లుగా లెక్కగట్టి యూనివర్సిటీలకు డబ్బిస్తుంది. గుర్తింపు ఉన్న జర్నల్‌లో ఒక పేపర్ వస్తే ఒక యూనిట్, రచయితలు వేరువేరు సంస్థల వాళ్లైతే అది పంచుకోవాలి. పేపర్‌కి డబ్బు అనేసరికి కొందరు నాసిరకం జర్నల్స్ వెంట పడ్డారు. 2005 నుంచి 2014 వరకు వచ్చిన దక్షిణాఫ్రికా పేపర్లను అక్కడి స్టెలెన్‌బాష్ యూనివర్సిటీ పరిశోధకులే జల్లెడ పట్టి, దాదాపు నాలుగు వేలు అనుమానాస్పద జర్నల్స్‌లో వచ్చాయని 2017లో బయటపెట్టారు. తమ దేశపు తప్పును తమ దేశపు సైన్స్ పత్రికలోనే అచ్చేశారు. నాకు ఆ దేశపు పరిశోధన మీద గౌరవం పెరిగింది అందుకే.

అదే లెక్కలో మీకు పనికొచ్చే ముక్క ఇంకోటి ఉంది. ఒక పీహెచ్‌డీ పూర్తయితే యూనివర్సిటీకి మూడు యూనిట్లు. అంటే మీ అమ్మాయి మధ్యలో వదిలేయకుండా పూర్తి చేయడం వాళ్లకూ అవసరమే. మన దగ్గర ఏడేళ్లైనా గైడు సంతకం కోసం తిరిగే పిల్లలను నేను చాలామందిని చూశాను కాబట్టి, ఇది చిన్న సంగతిగా అనిపించదు నాకు.

మరి దేన్ని చూడాలి? అమ్మాయికి కాబోయే గైడు పేరుతో గూగుల్ స్కాలర్‌లో వెతికి, ఈ మూడేళ్లలో వచ్చిన పేపర్లు నాలుగు తెరిపించండి. పేర్ల వరసలో మొదటి పేరు సాధారణంగా పని చేసిన వాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపే వాళ్లది. పేర్ల పక్కన చిన్న అంకెలుంటాయి, కింద ఆ అంకెకు ఎదురుగా సంస్థ పేరు ఉంటుంది. ఉదాహరణకు కరోనా బీటా వేరియంట్‌ను బయటపెట్టిన పేపర్ తీసుకోండి. 2021లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. మొదటి పేరు హూరియా టెగాలీ, మారిషస్ నుంచి డర్బన్ వచ్చిన యువ పరిశోధకురాలు. చివరి పేరు తులియో డి ఒలివెరా, అప్పట్లో క్వాజులు-నటాల్‌లోని క్రిస్ప్ అనే జన్యు పరిశోధన కేంద్రాన్ని నడిపిన ఆయన. బయటి దేశం నుంచి వచ్చిన అమ్మాయి పేరు ముందుంది, పెద్దాయన పేరు చివర ఉంది. మంచి ల్యాబ్‌కి ఇదొక గుర్తు. మీ అమ్మాయి గైడు పేపర్లలో మొదటి పేర్లు విద్యార్థులవేనా, ప్రతిసారీ గైడుదేనా? డీమ్డ్ యూనివర్సిటీ గైడుకీ ఇదే పరీక్ష పెట్టండి. ఆయన పేపర్లలో ఏవైనా వెనక్కి తీసుకున్నారేమో కూడా చూడాలి. అందుకు రిట్రాక్షన్ వాచ్ జాబితా ఉచితంగా దొరుకుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. డి ఒలివెరా 2021లో స్టెలెన్‌బాష్‌కు వెళ్లిపోయారు. పాత పేపర్ల ఖ్యాతి క్వాజులు-నటాల్ ఖాతాలోనే ఉంది, మనిషి మాత్రం వేరే ఊళ్లో ఉన్నారు. కాబట్టి గైడు వచ్చే నాలుగేళ్లు అక్కడే ఉంటారా అని అమ్మాయి నేరుగా అడగాలి. ఇది అమర్యాద కాదు, అందరూ అడిగేదే.

దానికంటే పెద్ద ప్రశ్న డబ్బు. మీరు ర్యాంకు గురించి అంత రాశారు, ఇది ఒక్క మాట అడగలేదు. దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ, టీబీ పరిశోధన చాలావరకు అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచింది. 2025లో ఆ నిధులకు గట్టి దెబ్బ తగిలింది, చాలా ల్యాబ్‌లు ఇబ్బందిలో పడ్డాయి. మీ అమ్మాయి స్టైపెండ్ ఏ గ్రాంట్ నుంచి వస్తోంది, అది ఏ సంవత్సరం దాకా ఉంది, మధ్యలో ఆగితే యూనివర్సిటీ ఏం చేస్తుంది, ఫీజు మాఫీ ఉందా, ఇవన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఈ జవాబు స్పష్టంగా రాకపోతే నేనే వద్దంటాను. వద్దనడానికి కారణం ఆఫ్రికా కాదు, డబ్బు.

ఇండియాలో విలువ గురించి. 2018 యూజీసీ నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. క్యూఎస్, టైమ్స్, షాంఘై అనే ప్రపంచ ర్యాంకు జాబితాల్లో ఏదో ఒకదానిలో ఎప్పుడైనా మొదటి 500లో ఉన్న విదేశీ యూనివర్సిటీ పీహెచ్‌డీ ఉంటే, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ అక్కర్లేదన్నారు. క్వాజులు-నటాల్ టైమ్స్ మొదటి 500లో కొన్నేళ్లు ఉంది. ఆ తర్వాత సవరణలూ ముసాయిదాలూ వచ్చాయి కాబట్టి అప్లై చేసే నాటి నోటిఫికేషన్ చూసుకోవాలి. అయినా మీ అమ్మాయికి నెట్ వచ్చేసింది కదండీ! ఈ ర్యాంకు గొడవ ఆమెకు అసలు అవసరమే లేదు. విదేశీ డిగ్రీల సమానత్వం మీద యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. చేరకముందే అవి చదివి, అడ్మిషన్ లెటర్, ఫీజు రసీదులు, మార్కుల జాబితాలు మొదటి రోజు నుంచీ భద్రం చేసుకోమనండి. మన ఐఐఎస్‌ఈఆర్‌లు, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధనకి) వెళ్తే వాళ్లు ముందు చూసేది పేపర్లు, గైడు రాసే ఉత్తరం. టీబీ మీద పని చేసిన మనిషి మన దేశంలో ఖాళీగా కూర్చోవలసిన అవసరం రాదు. ప్రపంచంలో టీబీ రోగులు అందరికన్నా ఎక్కువ ఉన్నది మన దగ్గరే.

భద్రత గురించి మీ భయం అర్థం లేనిది కాదు. దక్షిణాఫ్రికా నగరాల్లో నేరాలు ఎక్కువే, డర్బన్ అందుకు మినహాయింపు కాదు. 2021 జూలైలో అక్కడ పెద్ద అల్లర్లే జరిగాయి. క్యాంపస్ హాస్టల్ దొరుకుతుందా, రాత్రి ల్యాబ్ నుంచి వెళ్లడానికి యూనివర్సిటీ బండి ఉందా, ఇప్పుడు అక్కడున్న భారతీయ విద్యార్థులు ఎక్కడ ఉంటున్నారు, ఇవి కనుక్కోండి. మీరు అడగని భద్రత ఇంకోటుంది. టీబీ క్రిములతో పని చేసే ల్యాబ్ బీఎస్‌ఎల్-3 స్థాయిది (ప్రమాదకర క్రిములు బయటకు పొక్కకుండా కట్టినది) కావాలి, చేరేముందు శిక్షణ ఉండాలి, ఏటా ఆరోగ్య పరీక్ష చేయాలి. ఇది డర్బన్‌లోనైనా, మీరు చెప్పిన డీమ్డ్ యూనివర్సిటీలోనైనా అడగాల్సిందే. అక్కడ అలాంటి ల్యాబ్ లేకుండానే టీబీ మీద పీహెచ్‌డీ ఇస్తామంటే, బ్యాక్టీరియాను తాకని పనేదో చేయిస్తారన్నమాట. అది కూడా సైన్సే కావచ్చు, కానీ అమ్మాయికి కావాల్సింది అదేనా?

పోల్చి చెప్పమన్నారు. డీమ్డ్ యూనివర్సిటీ గైడు పేరే మీ ఉత్తరంలో లేదు, ర్యాంకు మాత్రం ఉంది. అంతకుమించి నేను పోల్చడానికేం లేదు. డర్బన్ నుంచి మాత్రం గైడు, టాపిక్, స్టైపెండ్ మూడూ తెలిసిన ఆఫర్ వచ్చింది. గ్రాంట్ గురించి సరైన జవాబు వస్తే నా మొగ్గు అటే.

ఉత్తరం చివర్లో "తిరిగొచ్చేసరికి ఇరవై ఎనిమిది దాటుతుంది, సంబంధాలు కష్టం" అని కూడా రాశారు. ఇక్కడ పీహెచ్‌డీ చేసినా ఇరవై ఎనిమిది దాటుతుంది కదా. ఆ మాట నిజానికి చదువు గురించి కాదని మీకూ తెలుసు. పెళ్లి సంగతి అమ్మాయితో విడిగా మాట్లాడండి, దాన్ని యూనివర్సిటీ ర్యాంకు చాటున దాచకండి. ఆమె తెలివైనది, ఈపాటికి కనిపెట్టే ఉంటుంది.

ఈ వారంలో గైడుకి ఒక మెయిల్ వెళ్లాలి. అందులో మూడే అడగాలి: గ్రాంట్ ఎప్పటిదాకా, మీరు ఎప్పటిదాకా, ఈ మధ్య మీ దగ్గర పీహెచ్‌డీ ముగించిన ఇద్దరు విద్యార్థులతో మాట్లాడవచ్చా. మెయిల్ అమ్మాయే రాయాలి, మీరు కాదు. జవాబు వచ్చాక వీసా పనులు మొదలుపెట్టండి, పోలీసు క్లియరెన్స్‌కీ మెడికల్ కవర్‌కీ టైం పడుతుంది. డీమ్డ్ యూనివర్సిటీ వాళ్లు సీటు కోసం ఇప్పుడే డబ్బు కట్టమని తొందరపెడితే, డర్బన్ జవాబు వచ్చేదాకా కట్టకండి.